జారిపోయే చేతి యాక్సిలరేటర్: పాత తోట ట్రాక్టరుకు ఒక రేకుల షెడ్డులో జరిగిన మరమ్మతు

మా చీనీ (బత్తాయి) తోటలో తిరిగే మినీ ట్రాక్టరు మూడు సిలిండర్ల డీజిల్ బండి, 18 హెచ్‌పీది. కొని పదిహేడేళ్లు దాటింది. కొమ్మల కింద నుంచి దూరి వెళ్లగల బండి కావడం వల్ల గుంటక తోలడానికీ, పాదులు చేయడానికీ, మందు కొట్టడానికీ ఇప్పటికీ దాని మీదే ఆధారపడుతున్నాము. గత ఏడాది నుంచి దాని చేతి యాక్సిలరేటర్ లీవరు వదులై, పెట్టిన చోట నిలవకుండా, ఇంజన్ అదురుకు కొద్దికొద్దిగా ఐడిల్ (ఇంజన్ కనీస వేగం) వైపు జారిపోవడం మొదలైంది. ఆ మరమ్మతు కోసం నేను రెండు చోట్లకు వెళ్లవలసి వచ్చింది. ఈ సమీక్ష ప్రధానంగా రెండో చోటు గురించి, అంటే అనంతపురం నుంచి తాడిపత్రి వెళ్లే దారిలో, బోర్డు కూడా లేని ఒక రేకుల షెడ్డు గురించి.

లీవరు జారితే కాలితో తొక్కి నడుపుకోవచ్చు కదా అని కొందరు అనుకుంటారు. దున్నేటప్పుడు ఆ మాట కొంతవరకు నిజమే. అయితే చీనీ కాయలకు మంగు తెచ్చే మంగు నల్లికి మందు కొట్టే రోజున ట్రాక్టరు సాలులో ఒకచోట నిలబడి పీటీవోతో (ఇంజన్ శక్తిని పనిముట్లకు అందించే షాఫ్టుతో) మందు పంపు తిప్పుతుంది, డ్రైవరు దిగి పైపు లాగుతుంటాడు, పెడల్ మీద కాలు పెట్టేవాడు ఎవడూ ఉండడు. పీటీవో నిమిషానికి 540 చుట్లు తిరగాలంటే ఇంజన్ రేసు (వేగం) మీటరు మీద గుర్తు వేసిన చోటే నిలవాలి. రేసు తగ్గితే పంపు ఒత్తిడి తగ్గి, గన్ను నుంచి సన్నని తుంపరగా రావలసిన మందు ధారగా కారి, ఆకు అడుగున దాగిన నల్లికి తగలకుండానే నేల పాలవుతుంది. ఒక ట్యాంకు మందు ఆ విధంగా వృథా అయిన తరువాతే నేను మెకానిక్ కోసం బయలుదేరాను.

మొదట వెళ్లింది పట్టణంలోని ఒక పెద్ద సర్వీసు షెడ్డుకు. నేను చెప్పేది పూర్తిగా వినకముందే, తప్పు ఇంధన పంపులో ఉందనీ, పంపు విప్పి కాలిబ్రేషన్‌కు (కొలతలు సరిచేయడానికి) పంపాలనీ, 7,000 రూపాయల దాకా అవుతుందనీ తేల్చేశారు. నేను వద్దన్నాక అక్కడి కుర్రవాడు లీవరు నట్టును బలంగా బిగించి, పైగా కీలు దగ్గర ధారాళంగా గ్రీజు పూసి పంపాడు. రెండు రోజులు లీవరు ఇనుప గడ్డపారలా బిగుసుకుపోయింది. మూడో రోజు నుంచి మునుపటికంటే తొందరగా జారసాగింది.

రేకుల షెడ్డు మెకానిక్‌కు అరవై ఏళ్లు పైబడి ఉంటాయి. ఆయన చేసిన పనిలో నాకు అన్నింటికంటే నచ్చినది స్పానరు పట్టుకోకముందు గడిపిన పది నిమిషాలు. ఇంజన్ స్టార్టు చేయించి, లీవరును సగానికి లాగమని నాకు చెప్పి, తాను బానెట్ పక్కన వంగి, లీవరుకు రాడ్డుతో కలిసిన ఇంధన పంపు మీది చిన్న చేతినే చూస్తూ కూర్చున్నారు. చేతి లీవరు కదలకుండా ఉండి రేసు మాత్రమే పడిపోతే డీజిల్ అందకపోవడమో, గవర్నరు (ఇంజన్ వేగాన్ని అదుపు చేసే భాగం) లోపమో అయి ఉండవచ్చు. లీవరూ పంపు చేయీ రెండూ కలిసి వెనక్కి వస్తుంటే తప్పు పంపుది కాదు. మా బండిలో రెండూ కలిసే వచ్చాయి. "పంపుకు ఏమీ కాలేదప్పా, లీవరుకు పట్టు పోయింది, అంతే" అని ఆయన లేచి చేతులు తుడుచుకున్నారు. పట్టణంలో 7,000 రూపాయలన్న రోగం అక్కడితో తేలిపోయింది.

ఆ పట్టు సంగతి ఆయన చెప్పగా నాకు బోధపడింది. పంపులోని గవర్నరు స్ప్రింగూ, రాడ్డుకు తగిలించిన రిటర్న్ స్ప్రింగూ లీవరును ఎల్లప్పుడూ ఐడిల్ వైపుకే లాగుతూ ఉంటాయి. ఆ లాగుడును ఎదిరించి లీవరును నిలిపేవి దాని పిన్ను మీద ఉండే ఫైబర్ వాషర్లు, వాటిని నొక్కి పట్టే గిన్నె ఆకారపు స్ప్రింగు వాషర్లు మాత్రమే. అవి పొడిగా ఉంటేనే రాపిడి ఉంటుంది. కాబట్టి అక్కడ గ్రీజు పూయడమంటే బ్రేకు లైనింగుకు నూనె రాయడమే. విప్పి చూపిస్తే ఒక ఫైబర్ వాషరు అరిగి కాగితమంత పలచబడి ఉంది, రెండోది గ్రీజు పట్టి అద్దంలా మెరుస్తోంది. బ్రాకెట్ రంధ్రం గుండ్రంగా ఉండవలసింది కోడిగుడ్డులా సాగి ఉంది. లీవరును కొంత దూరం లాగినా ఇంజన్ పలకకపోవడానికి ఆ రంధ్రంతో పాటు రాడ్డు చివర అరిగిన బాల్ జాయింటు కూడా కారణం. జారడం ఒక జబ్బు, కీళ్లలోని ఈ వదులు మరొక జబ్బు. నట్టు బిగిస్తే రెండూ కుదురుతాయనుకోవడం వల్లనే నా బండి ఇన్నాళ్లు బాగుపడలేదు.

రంధ్రాన్ని సరిచేసి గన్‌మెటల్ బుష్ వేయడానికి బ్రాకెట్‌ను లేత్ పనికి పంపారు. బాల్ జాయింటు కొత్తది వేశారు. అసలు సైజు ఫైబర్ వాషర్లు బజారులో దొరకకపోవడంతో పాత క్లచ్ ప్లేటు లైనింగు నుంచి రెండు వాషర్లు కోసి, గరుకు కాగితం మీద రుద్ది మందం సరిచేశారు. గిన్నె వాషర్లను ఎదురెదురుగా పెట్టి, నట్టును ఒక్కొక్క మలుపుగా బిగిస్తూ, ప్రతి మలుపుకూ లీవరును వేలితో తాకి చూశారు. ఒక్క వేలికి కదలకూడదు, రెండు వేళ్లతో నెడితే కదలాలి అన్నదే ఆయన కొలత. అది కుదిరాక చెక్ నట్ వేసి బిగించారు. చివరగా లీవరు రెండు కొసల్లోనూ పంపు చేయి స్టాపు స్క్రూలను తాకుతోందో లేదో చూశారు. గరిష్ఠ రేసుకు హద్దు పెట్టే, సీలు వేసిన పై స్క్రూను మాత్రం ముట్టుకోలేదు.

తరువాత లీవరు మీద నుంచి పక్కన బ్రాకెట్ మీదికి సాగేలా సుద్దముక్కతో ఒక గీత గీసి, 540 గుర్తు దగ్గర రేసు పెట్టి, అరగంట సేపు ఇంజన్‌ను అలాగే వదిలేశారు. టీ తాగి వచ్చి చూస్తే గీత రెండు ముక్కలూ ఎదురెదురుగానే ఉన్నాయి. ఈ అరగంటకు ఆయన డబ్బు అడగలేదు.

లోపాలు లేవని చెప్పను. లైనింగు కోసేటప్పుడు ఆయన ముక్కుకు కనీసం తువ్వాలైనా కట్టుకోలేదు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కనుక ఆ దుమ్ము అక్కడున్న అందరికీ మంచిది కాదు. నేను ఆ మాట అంటే నవ్వి ఊరుకున్నారు. ఒక్క పూట పని అని చెప్పి, లేత్ షాపులో కరెంటు లేక రెండు రోజులు చేశారు. నన్ను అడగకుండానే ఇంజన్ ఆపే కేబుల్‌ను సవరించడం వల్ల ఇంటికి వచ్చాక అది పూర్తిగా లాగితే తప్ప బండి ఆగలేదు. మళ్లీ వెళ్తే ఐదు నిమిషాల్లో సరిచేశారు, కానీ రానూపోనూ డీజిల్ నాదే. బిల్లు ఇవ్వరు. లేత్ పనికి 300, బాల్ జాయింటుకు 180, కూలికి 400, మొత్తం 880 రూపాయలు నోటి లెక్కగా చెప్పి తీసుకున్నారు.

పని జరిగి నాలుగు నెలలైంది. ఈ మధ్యలో తోట మొత్తానికి రెండుసార్లు మందు కొట్టాము. పైపు లాగుతూ మధ్యలో పరుగెత్తి వచ్చి లీవరు ఎగదోయవలసిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు. కాలి పెడల్ కూడా మునుపటిలాగే చేతి లీవరు పెట్టిన రేసుకు పైన స్వేచ్ఛగా పలుకుతోంది.

అక్కడికి వెళ్లదలచినవారు ఉదయం ఎనిమిదిలోపు చేరుకోవడం మంచిది. ఆదివారం లేత్ షాపు ఉండదు. బండిని ముందే కడిగి తీసుకువెళ్లండి, బురద బండిని ఆయన షెడ్డులోకి రానివ్వరు.