రాజమండ్రి - హైదరాబాద్ ఫ్లైట్: గాల్లో గంట, నేల మీద పూట

రాజమండ్రి ఎయిర్‌పోర్ట్ ఉన్న మధురపూడి నుంచి శంషాబాద్‌కి గాల్లో దూరం సుమారు 360 కిలోమీటర్లేనండి, టికెట్ మీద గంటా పది నిమిషాలు, గంటా పావు అని ఉంటది, ఆ మాట నిజమే. కానీ మా అమలాపురం వాళ్ళకి అసలు ప్రయాణం అది కాదు. రావులపాలెం సెంటర్లో అరటి గెలల లారీలు దాటుకుని, జొన్నాడ వంతెనెక్కి, రాజమండ్రి ఊరు తప్పించుకుని ఎయిర్‌పోర్ట్ చేరేసరికే రెండు గంటలు పైన, మళ్ళీ గంట ముందే కౌంటర్ మూసేస్తారాయె.

నేనెక్కింది ఏటీఆర్, ఫ్యాన్ల విమానం. వెనక తలుపు నుంచి ఎక్కిస్తారు, పైన సామాను అర చిన్నది, ఆత్రేయపురం పూతరేకుల పెట్టె ఒళ్ళో పెట్టుకు కూర్చున్నా. సౌండ్ బానే ఉంది. రెక్క పైన ఉంటది కాబట్టి కిటికీలోంచి గోదారి, ఇసుక తిన్నెలు మాత్రం భలే కనపడ్డాయి, డబ్బులు అక్కడే గిట్టాయి.

దిగాక మియాపూర్‌కి క్యాబ్ ఇంకో గంటన్నర. మొత్తం కలిపితే గౌతమీ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి పడుకుని వెళ్ళడంతో పోలిస్తే మిగిలేది కొన్ని గంటలే, రేటు చూస్తే బెర్త్‌కి ఎన్నో రెట్లు. రాజమండ్రి, కడియం వాళ్ళయితే కళ్ళు మూసుకుని ఎక్కేయండి. కోనసీమ వాళ్ళు పెద్దోళ్ళు తోడుంటేనో, అర్జెంట్ పనుంటేనో.