జాజెన్, తెంపూ యోగం: రోజువారీ జీవితానికి ఏది మేలు?

జపాన్ సాధనల్లో జెన్ బౌద్ధులు కూర్చొని చేసే ధ్యానమైన జాజెన్ మేలా, నాకామురా తెంపూ అనే బోధకుడు నేర్పిన యోగం మేలా అని అడిగేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. రెండూ కొంతకాలం చేసి, చివరికి ఒకదానివైపు మొగ్గినవాణ్ని కనుక నాకు తోచింది చెబుతాను.

జాజెన్‌లో కూర్చోవడమే సాధన. 1244లో జెన్ గురువు దోగెన్ స్థాపించిన ఎయ్‌హేజీ ఆలయ సంప్రదాయంలో గోడకు ఎదురుగా, కళ్లు సగం తెరిచి, ఒక అగరువత్తి కాలేంతసేపు, అంటే సుమారు 40 నిమిషాలు, కదలకుండా కూర్చుంటారు. ఫలితం ఆశించి కూర్చోవడం కూడా అక్కడ పొరపాటే. ఆ నిరపేక్షత గొప్పదని నేను ఒప్పుకున్నాను గానీ, నా మోకాళ్లు ఒప్పుకోలేదు.

తెంపూ (1876–1968) క్షయతో బాధపడుతూ దేశాలు తిరిగి, కైరోలో కలిసిన ఒక యోగి వెంట కాంచనజంగ దిగువన ఉన్న పల్లెకు వెళ్లి సాధన చేశానని చెప్పుకున్నారు. 1919 నుంచి తోక్యోలో బోధించారు. ఆయన చెప్పిన కుంభకం మనమెరిగిన కుంభకం కాదు. మనకది శ్వాసను నిలపడం. ఆయనకు ప్రధానంగా అదొక దేహస్థితి: మూలబంధంలోలాగా గుదాన్ని బిగించి, భుజాలను వదిలేసి, పొత్తికడుపులో బలాన్ని నిలపడం.

నా మటుకు తేల్చేది ఒక్కటే: పీట మీద నుంచి లేచాక సాధనలో ఎంత మనతో వస్తుంది? మొన్న పై అధికారి ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతుండగా నా భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయని గమనించి, వాటిని దించి, ఊపిరిని పొత్తికడుపు దాకా వదిలాను. గొంతులో వణుకు తగ్గి, అడిగినదానికి జవాబు చెప్పగలిగాను. అటువైపు మనిషికి ఇదేమీ తెలియదు. జాజెన్ అభ్యాసం ముదిరినవారికి ఇదంతా సహజంగానే అబ్బుతుందంటారు, కాదనను. కానీ తెంపూ పద్ధతిలో అది మొదటి పాఠమే.

ఆయన ధ్యానమూ అంతే సూటిగా ఉంటుంది. మోగుతున్న బజరును వింటూ కూర్చోవాలి; అది ఉన్నట్టుండి ఆగిపోతుంది; ఆ వెంటనే వచ్చే నిశ్శబ్దంలో ఒక్క క్షణం ఏ తలపూ పుట్టదు. పడుకోబోయే ముందు అద్దంలో తన ముఖానికే ఆజ్ఞ ఇచ్చుకొనే పద్ధతి మాత్రం నాకు నవ్వు తెప్పించడంతో మానేశాను.

ఇతరులు తనకు చేసినదాన్ని, తాను వారికి చేసినదాన్ని తలచుకొనే నైకాన్ అనే ఆత్మపరిశీలన సాధారణంగా వారం రోజులు విడిగా కూర్చొని చేసేది కాబట్టి ఈ పోటీలోకి రాదు. రేడియోలో వచ్చే సంగీతానికి తగ్గట్టు ఒళ్లు కదిలించే రేడియో తాయిసో మంచి వ్యాయామం, అంతవరకే.

మోకాళ్లు సహకరించి, ఇంట్లో నిశ్శబ్దం దొరికేవారు జాజెన్‌నే ఎంచుకోవచ్చు. నేను ఆదివారాలు కుర్చీలోనే 20 నిమిషాలు జాజెన్ చేస్తున్నాను. మిగతా ఆరు రోజులూ తెంపూ యోగమే.