చాప్టర్లు ఏరుకుని సొంత ఈబుక్ చేసుకునే సర్వీసు: పని బాగుంది, రేటే బాలేదు

జేఎన్‌టీయూ సిలబస్ తో వేగేవాళ్లకి చెప్పక్కర్లేదు, సబ్జెక్టుకి ఐదు యూనిట్లు ఉంటాయి, ఆ ఐదూ ఒకే పుస్తకంలో దొరికి చావవు. రెండు యూనిట్లు ఒక ఫారిన్ ఆథర్ దాంట్లో, ఇంకో రెండు వేరే దాంట్లో, మిగిలిన ఒక్కటీ దేవుడికే తెలియాలి. అందుకే ఒక పెద్ద పబ్లిషర్ తరఫున సేల్స్ అబ్బాయి వచ్చి, మా లైబ్రరీలో ఏ పుస్తకం లోంచైనా కావాల్సిన చాప్టర్లే తీసుకుని మీ సబ్జెక్టుకి ఈబుక్ చేసుకోండి సార్ అంటే డిపార్ట్‌మెంట్ లో అందరం ఎగబడ్డాం. కంపెనీ పేరు రాయట్లేదు, ఈ పద్ధతి నడిపేవాళ్లు చాలామందే ఉన్నారు.

పుస్తకం కూర్చడం మాత్రం హాయిగా ఉంది. టాపిక్ వెతుకు, చాప్టర్ కి టిక్ పెట్టు, పైకీ కిందకీ లాగి వరస మార్చుకో, మన సిలబస్ పీడీఎఫ్, పాత క్వశ్చన్ పేపర్లు మధ్యలో దూర్చు, కవర్ మీద కాలేజీ పేరు వేయించు. పేజీ నంబర్లు మొదటి నుంచి చివరిదాకా వరసగా అదే వేసేస్తుంది. అతుకులు మాత్రం కనిపిస్తాయి. మన పుస్తకంలో రెండో చాప్టర్ తెరిస్తే లోపల బొమ్మ కింద 9.4 అని ఉంటుంది, ఎందుకంటే అసలు పుస్తకంలో అది తొమ్మిదో చాప్టర్. ‘వివరాలకు 12వ చాప్టర్ చూడండి’ అంటుంది, ఆ 12 మనం తీసుకోలేదు. ఒక ఆథర్ ఒక గుర్తు వాడితే ఇంకో ఆథర్ అదే రాశికి వేరే గుర్తు వాడతాడు, పిల్లలు వచ్చి ఇది ప్రింటింగ్ మిస్టేకా సార్ అంటారు.

ఇక రేటు. పక్కన ఒక మీటర్ తిరుగుతూ ఉంటుంది, చాప్టర్ వేసిన కొద్దీ పెరుగుతుంది, ఇది మంచిదే, దాపరికం లేదు. కానీ చాప్టర్ పన్నెండు పేజీలున్నా యాభై ఉన్నా ఒకటే ధర, పైగా బేస్ ఫీజు అని ఒకటి ముందే పడుతుంది, అందుకని ఒకే పుస్తకం లోంచి ఐదారు చాప్టర్లు తీసుకున్నామా, ఆ పుస్తకం మొత్తం ఈబుక్ ధర దగ్గరికి వచ్చేస్తాం, అలాంటప్పుడు ఏరుకోవడం ఎందుకు, మొత్తం కొనుక్కుంటే పోలా. మూడు నాలుగు పుస్తకాల నుంచి ఒక్కో చాప్టర్ కావాలంటేనే ఇది గిట్టుబాటు. జీఎస్టీ ఇంకో తలనొప్పి. అచ్చు పుస్తకానికి పన్నే లేదు, అచ్చులో ఉన్న పుస్తకానికి ఈబుక్ అయితే 2018 జూలై నుంచి 5 శాతం, మనం కూర్చినదానికి అచ్చు కాపీ ఎక్కడుంది, అందుకని బిల్లులో 18 వేశారు.

ఇంతా కట్టాక, పుస్తకం తెరిచే కోడ్ పనిచేసేది సెమిస్టర్ వరకే. బ్యాక్‌లాగ్ ఉన్నవాడి గతి? మళ్లీ కోడ్ కొనుక్కోవాలి!

వీళ్ల అసలు పోటీ కాలేజీ గేటు ముందు జిరాక్స్ షాపుతో, ఆ సంగతి ఈ రేటు పెట్టినవాళ్లకి తట్టినట్టు లేదు. ఢిల్లీ యూనివర్సిటీ క్యాంపస్ లో రామేశ్వరి ఫోటోకాపీ షాపు మీద 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ కేసు వేస్తే, 2016లో హైకోర్టు చదువు చెప్పడానికి అవసరమైన మేరకు చేసే కోర్స్‌ప్యాక్ (సిలబస్ కి కావాల్సిన భాగాలు రకరకాల పుస్తకాల్లోంచి జిరాక్స్ తీసి కట్టిన కట్ట) కాపీరైట్ చట్టం సెక్షన్ 52 ప్రకారం చెల్లుతుంది అంది, 2017లో పబ్లిషర్లే కేసు వదిలేసుకున్నారు. అలాంటి చోట స్పైరల్ బైండింగ్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ అడిగితే పిల్లాడు ఎందుకు కడతాడు?

డబ్బు లేకుండా కావాలంటే లిబ్రెటెక్స్ట్స్ అని ఫ్రీ టెక్స్ట్‌బుక్స్ వెబ్‌సైట్ ఉంది, చూడండి. కాలిఫోర్నియా యూనివర్సిటీ, డేవిస్ లో 2008లో కెమ్‌వికీగా మొదలైంది. అందులో రీమిక్సర్ అని ఉంది, ఎడమవైపు లైబ్రరీ, కుడివైపు మన పుస్తకం, లాగి వేసుకోవడమే, పీడీఎఫ్ కూడా ఫ్రీ. కెమిస్ట్రీ, మ్యాథ్స్ కి బ్రహ్మాండం, మన సిలబస్ లో అడిగే కోర్ ఇంజనీరింగ్ కొన్నిటికి సరుకు తక్కువ.

నా రేటింగ్ 5కి 3, ఆ మూడూ కూర్చే టూల్ కే. పేజీల లెక్కన ధర పెట్టి, యాక్సెస్ నాలుగేళ్లకి పెంచితే నాలుగో స్టార్ ఇస్తా. అప్పటిదాకా ఎలక్టివ్ సబ్జెక్టులకి వాడండి, కోర్ సబ్జెక్టులకి వద్దు.