హనుమకొండ ఉద్యోగమా, హైదరాబాద్ ఆఫరా?

హనుమకొండలో చేస్తున్న ఉద్యోగాన్ని వదిలి హైదరాబాద్‌లో వచ్చిన ఆఫర్‌ను అందుకోవాలా అన్న ప్రశ్నకు జీతం అంకె ఒక్కటే జవాబు చెప్పదు.

ఖర్చు: ఇక్కడ సొంతింట్లో ఉంటే అద్దె లేదు. అక్కడ అద్దె, అడ్వాన్సు, పిల్లల ఫీజులు పోగా మిగిలేదే అసలు పెంపు.

శ్రమ: ఇక్కడ ఆఫీసు దగ్గర. హనుమకొండ పక్కనున్న కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రైలుదారి సుమారు 130 కిలోమీటర్లు కనుక రోజూ వెళ్లి రావడం ఎక్కువ కాలం సాగదు.

నష్టభయం: దీని గురించే ఎక్కువగా ఆలోచించాలి. శాశ్వత ఉద్యోగికి సాధారణంగా 5 ఏళ్ల నిరంతర సేవ పూర్తయ్యాకే గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సేవాకాలాన్ని బట్టి సంస్థ ఇచ్చే మొత్తం) హక్కు వస్తుంది. ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున లెక్కించే ఆ మొత్తాన్ని నాలుగున్నరేళ్లకే రాజీనామా చేసి వదులుకోవడం నాకు బాధాకరంగా తోస్తుంది. పీఎఫ్ (భవిష్య నిధి) మాత్రం ఎక్కడికీ పోదు. అదే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ సభ్య సంఖ్య) కింద కొత్త సంస్థకు బదిలీ చేసుకోవచ్చు, మధ్యలో తీసి ఖర్చు చేయకపోవడమే మంచిది. కొత్తచోట ప్రొబేషన్ (పనితీరు చూసే తొలి గడువు) ఉంటుందని గుర్తుంచుకోవాలి; నియామక పత్రం చేతికి అందకముందు రాజీనామా ఇవ్వరాదు.

తల్లిదండ్రుల వైద్యమో, ఊరి పొలమో చూసుకోవలసినవారికీ, గ్రాట్యుటీకి కొద్ది నెలలే మిగిలినవారికీ హనుమకొండే మేలు. ఇక్కడ నేర్చుకోవడానికి పని మిగలని, బాధ్యతలు తక్కువగా ఉన్న యువతీయువకులకు హైదరాబాద్ తగినది.