జాగ్రత్త: "స్టాక్ లేదు సార్, వెనకకి ఆల్ సీజన్ వేసేద్దాం" అంటే అక్కడే ఆగండి

రియర్ వీల్ డ్రైవ్ కారు ఉన్నవాళ్లు, అందులోనూ ముందొక సైజు, వెనకొక సైజు టైర్లు ఉన్నవాళ్లు, వానలు మొదలవకముందే టైర్లు మార్పిద్దామనుకుంటుంటే ఇది చదివాకే అడ్వాన్స్ కట్టండి. హైదరాబాద్‌లో బాగానే పేరున్న ఒక టైర్ల షాపు నాకు చేసిన నిర్వాకం ఇది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు, ఏరియా రాయడం లేదు. అయినా పేరుతో పెద్దగా పని లేదు. తర్వాత వేరే షాపులకి ఫోన్లు చేస్తే ఇంచుమించు ఇవే మాటలు ఇంకా చాలామంది నోట విన్నాను.

నాది బీఎండబ్ల్యూ 3 సిరీస్, ఎఫ్30 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. 18 అంగుళాల రిమ్ములు. ముందు 225/45, వెనక 255/40 (మొదటిది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, రెండోది ప్రొఫైల్, అంటే టైరు పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో). ఇంజిన్ బలమంతా వెనక చక్రాలకే వెళ్తుంది. నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే ప్యాటర్న్ (గాడుల డిజైన్) సమ్మర్ టైర్లు, అంటే వేడి వాతావరణానికి చేసినవి, కావాలని చెప్పి, కాగితం మీద రాయించి, అడ్వాన్స్ ఇచ్చాను. వచ్చాయని కబురు చేస్తే కారు పొద్దున్నే అక్కడ పెట్టి ఆఫీసుకి వెళ్లాను. మధ్యాహ్నం ఫోన్. "సార్, ముందువి వచ్చినయ్. వెనకవి కంపెనీలనే స్టాక్ లేదట. దానికన్నా మంచి మాల్ ఉంది నా దగ్గర, ఇంపోర్టెడ్ ఆల్ సీజన్. ఎండకి, వానకి రెండిటికీ మస్తు ఉంటది."

వద్దు, వచ్చేదాకా ఆగుతాను, పాతవే ఉంచమన్నాను, అదే మెసేజ్ కూడా పెట్టాను. సాయంత్రం వెళ్లేసరికి ఆ ఇంపోర్టెడ్ మాల్ రిమ్ముల మీదకి ఎక్కి, బ్యాలెన్సింగ్ కూడా అయిపోయి, పాలిష్ కొట్టి నల్లగా నిగనిగలాడుతోంది. నా పాత టైర్లు ఏవంటే గోడౌన్‌కి పోయాయట. "లిఫ్ట్ మీద కారు ఎన్ని రోజులు పెట్టుకోమంటరు సార్, మీ మంచికే ఏసినం" అని ఎదురు నన్నే అడిగాడు.

సంగతి మొదటి వానకే బయటపడింది. నానక్‌రామ్‌గూడ దగ్గర ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) దిగే మలుపు. వేగం ఎక్కువేమీ లేదు, నా ముందు ఒక స్కూల్ బస్సు మెల్లగా పోతోంది. మలుపు సగంలో యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కానంతే, కారు వెనక భాగం చల్లగా పక్కకి జారింది. డాష్‌బోర్డు మీద పసుపు త్రికోణం టపటపా కొట్టుకుంది, కంప్యూటర్ ఇంజిన్ పవర్ కోసేసి కారుని మళ్లీ గీతలోకి తెచ్చింది. ఏమీ కాలేదు. కానీ అదే రోడ్డు, అదే మలుపు, అరిగిపోయిన పాత టైర్లతో కూడా ఎప్పుడూ అలా జారలేదు.

ఎందుకలా అయిందో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే షాపువాళ్లు దాటేసేది సరిగ్గా ఇక్కడే. ముందు చక్రాలకి కొత్త సమ్మర్ టైర్లు, రోడ్డుని గట్టిగా పట్టుకుంటాయి. స్టీరింగ్ తిప్పగానే కారు ముక్కు చటుక్కున తిరుగుతుంది. వెనకవాటికి అంత పట్టు లేదు. పైగా మలుపులో కారుని నిలబెట్టే పనితోపాటు ఇంజిన్ బలాన్ని రోడ్డుకి దించే పని కూడా వాటిదే. రెండు పనులకీ చాలినంత పట్టు లేకపోతే తోక బయటికి పోతుంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారులో యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కితే ముందు చక్రాలు జారి కారు తిన్నగా పోతుంది, కాలు తీస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఇక్కడ భయపడి ఠక్కున కాలు తీస్తే బరువు ముందుకి వెళ్లి వెనక ఇంకా తేలికైపోతుంది, జారడం ఇంకా పెరుగుతుంది. జారే కారుని అదుపులోకి తెచ్చే కంప్యూటర్, ఈఎస్‌సీ, ఉందిగా అంటారు. అది ఉన్న పట్టుని జాగ్రత్తగా వాడుతుంది, లేని పట్టుని ఎక్కణ్ణుంచి తెస్తుంది?

అందుకే టైర్ల కంపెనీలే, ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లకి కూడా, రెండే కొత్తవి కొంటే వాటిని వెనకే వేయమంటాయి. వెనక పట్టు ముందుకన్నా తక్కువ కాకూడదు. మన షాపువాడు ముందు సమ్మర్, వెనక ఆల్ సీజన్ వేసి దీన్ని సరిగ్గా తలకిందులు చేశాడు. వేరే కంపెనీ, వేరే ప్యాటర్న్, వేరే రబ్బరు. రెండు టైర్లూ విడివిడిగా చూస్తే మంచివే కావచ్చు, ఒకే కారు మీద కలిపి వేస్తేనే చిక్కు.

అసలు ఆల్ సీజన్ మన ఊరికి అవసరమా అన్నది ఇంకో ప్రశ్న. "వాన టైరు" అని మనవాళ్లు అమ్ముతున్నది నిజానికి చలిదేశాల కోసం చేసింది. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కిందికి పోతే సమ్మర్ టైరు రబ్బరు బిగుసుకుపోయి పట్టు తగ్గుతుంది. అక్కడా మెత్తగా ఉండేలా ఆల్ సీజన్ రబ్బరు కలుపుతారు, ట్రెడ్ (రోడ్డుకి తగిలే భాగం) దిమ్మల మీద కత్తితో గీసినట్టు సన్నటి చీలికలు పెడతారు. పల్చటి మంచు మీద ఆ చీలికల అంచులే పట్టు ఇస్తాయి. కాంటినెంటల్ వాళ్ల డీడబ్ల్యూఎస్ అనే ఆల్ సీజన్ టైరు మీద పొడి, తడి, మంచు అని సూచించే మూడు అక్షరాలు ట్రెడ్‌లోనే ఉంటాయి. మంచు అక్షరం అరిగిపోతే ఇక మంచులో పనికిరాదని గుర్తు. తెలివైన ఏర్పాటే. మన పంజాగుట్టలో ఆ అక్షరం ఉంటే ఎంత, పోతే ఎంత?

డిసెంబరు తెల్లవారుజామున పటాన్‌చెరు వైపు పళ్లు కటకటలాడే చలి ఉన్నా, మధ్యాహ్నానికి రోడ్డు వేడెక్కిపోతుంది. మే నెలలో గాలే 42 డిగ్రీలుంటే తారు సంగతి చెప్పక్కర్లేదు. ఆ వేడిలో మెత్తటి, చీలికల ట్రెడ్ దిమ్మలు మలుపుల్లో మెలికలు తిరుగుతాయి, స్టీరింగ్‌లో ఆ బిగువు ఉండదు. స్పోర్టీ కారు కొనుక్కున్నదే ఆ బిగువు కోసం. ఇక వాన విషయానికొస్తే, వేడి దేశపు వానలో మంచి సమ్మర్ టైరుకి ఏ లోటూ లేదు. నీళ్లని బయటికి తోసేది గాడుల లోతు, రోడ్డుని పట్టేది రబ్బరు. చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్ల దాకా వాడొచ్చు గానీ, ఆ స్థితికి రాకముందే నీళ్ల మీద తేలడం మొదలవుతుంది. 3 మిల్లీమీటర్లకి వచ్చాక జూన్ దాటనివ్వకండి.

నాలుగూ ఒకే రకం, మంచి కంపెనీ ఆల్ సీజన్ వేసుకుని నెమ్మదిగా నడుపుకుంటామంటే నాకేం అభ్యంతరం లేదు. మనాలీ వైపు తరచూ వెళ్లేవాళ్లకైతే అదే సరైనది కూడా. వెనక రెండే వేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి.

ఆ వాన తర్వాత కారుని తెలిసిన మెకానిక్ దగ్గర లిఫ్ట్ ఎక్కించాం. అసలు కథ టైరు లోపలి వైపు ఉంది. తయారైన తేదీ సాధారణంగా టైరుకి ఒక పక్కే పూర్తిగా ఉంటుంది. డాట్ అని మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆ పక్కని కారు కిందికి తిప్పి బిగిస్తే బయటి నుంచి ఎవరికీ కనిపించదు. మెకానిక్ కుర్రాడు గుడ్డతో బురద తుడిచి ఫోన్ టార్చ్ కొడితే రెండిటి మీదా 2219. అంటే 2019లో 22వ వారం. ముందు టైర్లేమో నిరుటివి. ట్రెడ్ లోపల చీలికల అంచుల్లో వెంట్రుకవాసి పగుళ్లు మొదలయ్యాయి. పాలిష్ అంత దట్టంగా ఎందుకు కొట్టాడో అప్పుడు అర్థమైంది. రబ్బరు వాడకపోయినా ముదురుతుంది. ఆరేళ్లకి, గాడులు ఎంత ఉన్నా సరే, మార్చేయమని బీఎండబ్ల్యూ మాన్యువలే చెప్తుంది.

ఇంకో సంగతి, టైరు పక్కగోడ మీద ఐఎస్ఐ గుర్తు లేదు. మన దేశంలో అమ్మే కారు టైరుకి అది తప్పనిసరి. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని ఆంక్షల జాబితాలో పెట్టింది, లైసెన్స్ లేకుండా తేవడానికి లేదు. దాంతో మనలాంటి వాళ్ల పెద్ద సైజులకి కొరత వచ్చిన మాట నిజమే. గోడౌన్లలో మూలన పడున్న పాత సరుకుకి "ఇంపోర్టెడ్" అనే పేరుతో గిరాకీ పుట్టింది కూడా అక్కణ్ణుంచే. స్టాక్ లేదు అన్న మాట అబద్ధం కాకపోవచ్చు. దాని వెనకాలే వచ్చే మాటతోనే జాగ్రత్త.

ఇలాంటి వెనకాల మాటలు ఇంకా ఉన్నాయి. ఒకాయన 40 బదులు 45 ప్రొఫైల్ వేస్తానన్నాడు, "మన గుంతలకి మంచిది సార్" అని. లెక్క వేయండి. 255/40 ఆర్18 టైరు మొత్తం ఎత్తు సుమారు 661 మిల్లీమీటర్లు, ముందున్న 225/45 సుమారు 660. కంపెనీ రెండిటినీ ఒకే ఎత్తుకి తెచ్చింది ఊరికే కాదు. 255/45 వేస్తే వెనక 687 అవుతుంది, అంటే ముందుకీ వెనకకీ దాదాపు 4 శాతం తేడా. బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, ఈఎస్‌సీ పని చేసేదే చక్రాల వేగాలు పోల్చి చూసి. వెనక చక్రాలు ఎప్పుడూ నెమ్మదిగా తిరుగుతుంటే పాపం దానికి ఏం అర్థం కావాలి?

ఇంకొకాయన, "ఓఆర్‌ఆర్ మీదనే లిమిట్ 120, మీకు 300 టైరెందుకు సార్" అని నవ్వాడు. టైరు మీదుండే వేగం రేటింగ్ అక్షరాల్లో వై అంటే 300, డబ్ల్యూ అంటే 270, హెచ్ అంటే 210 కిలోమీటర్లు, నిజమే. కానీ ఆ అక్షరం చెప్పేది వేగం ఒక్కటే కాదు. టైరు ఎంత వేడిని తట్టుకుంటుందో, దాని కట్టడం ఎంత గట్టిదో కూడా అందులోనే ఉంటుంది. మాన్యువల్లో ఉన్నదానికంటే కిందికి దిగొద్దు. లోడ్ ఇండెక్స్ కూడా అంతే, నా వెనక టైరుకి 95, అంటే ఒక్కో టైరు మోసే బరువు 690 కిలోలు.

రన్‌ఫ్లాట్ల నుంచి మామూలు టైర్లకి మారుస్తామంటే కారులో స్టెప్నీ ఉందో లేదో ముందు చూసుకోండి. రన్‌ఫ్లాట్ అయితే గాలి పోయినా 80 వేగం దాటకుండా 80 కిలోమీటర్ల దాకా లాక్కురావొచ్చు. మామూలు టైరు అర్ధరాత్రి శంషాబాద్ దగ్గర పోతే, స్టెప్నీ లేనివాడికి టోయింగే గతి. అలైన్‌మెంట్ కూడా నాలుగు చక్రాలకీ అడిగి చేయించండి. ఈ కార్లలో వెనక టైరు లోపలి అంచు మొదట అరుగుతుంది, బయట నిలబడి చూస్తే బంగారంలా కనిపిస్తుంది.

ఇక గొడవ సంగతి. బిల్లు మీద "టైర్ 255, 2 నంబర్లు" అని మాత్రమే ఉంది. ప్యాటర్న్ పేరు లేదు, సీరియల్ నంబర్ లేదు. అడిగితే యజమాని "ఎక్కించిన టైరు వాపసు తీసుకోం" అని బోర్డు చూపించాడు. నేను ఎక్కించమనలేదు అని చెప్పి, ఆర్డరు రాయించిన కాగితం, ఫోన్‌లో వద్దన్న మెసేజ్ ముందు పెట్టాక గొంతు తగ్గింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాక ఇంకాస్త తగ్గి, టైర్లు వెనక్కి తీసుకుని డబ్బులో కొంత ఇచ్చాడు. మిగతా దాని కోసమే ఇప్పుడు నడుస్తున్న ఫిర్యాదు. కాబట్టి బిల్లులో సైజు, ప్యాటర్న్, నాలుగు అంకెల తేదీ, సీరియల్ అన్నీ రాయించుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, అది బిల్లులో కనిపించాలి. బిల్లు లేకుండా ఇస్తే తక్కువకి వస్తుందన్న మాట అస్సలు వినకండి, వారంటీ అక్కడితో పోయినట్టే. టైరు రిమ్ము మీదకి ఎక్కకముందే, నేల మీద ఉన్నప్పుడే రెండు పక్కలా ఫోటోలు తీసుకోండి. వాళ్లు చిరాకు పడినా సరే.

నాకు చివరికి ముందువాటికి జోడు వెనక టైర్లు వేరే డీలరు తెప్పించి ఇచ్చాడు, కొంచెం ఆగాల్సి వచ్చింది. అదే మలుపులో, అలాంటి వానలోనే కారు బుద్ధిగా వచ్చింది.

షాపువాడికి వాపసిచ్చిన ఆ రెండు టైర్లూ మళ్లీ అమ్మకానికి వచ్చాయి. పోయిన వారం డబ్బు సంగతి తేల్చుకుందామని వెళితే కౌంటర్ పక్క ర్యాకులో ఉన్నాయి, కొత్తగా పాలిష్ కొట్టి. 255/40 ఆర్18, తేదీ 2219, ఒకదానికి తేదీ పక్కనే మా మెకానిక్ పసుపు మార్కర్‌తో గీసిన గీత ఉంది. ఎవరైనా ఆ సైజు ఆల్ సీజన్ చూపించి "నిన్ననే వచ్చిన మాల్" అంటే, ముందు టైరు తిప్పి చూడండి.