పనిముట్టు లేకుండా బిగిసే గండమ్: ఎంట్రీ గ్రేడ్ ఆర్ఎక్స్-78-2 కిట్ సమీక్ష

కొత్తగా బిగించేవారి కోసం ఉద్దేశించిన ఎంట్రీ గ్రేడ్ వరుసలో జపాన్ సంస్థ బందాయ్ స్పిరిట్స్ 2020లో తెచ్చిన ఆర్ఎక్స్-78-2 గండమ్ రోబో బొమ్మ కిట్‌ను నేను ఇప్పటికి మూడు సార్లు బిగించాను. మొదటిది తొమ్మిదేళ్ల మా మేనల్లుడితో కలిసి, ఒక ఆదివారం మధ్యాహ్నం, కత్తెర కూడా పట్టకుండా గంటలోపు పూర్తి చేశాను. రెండోదానికి మెరుగులు దిద్దబోతే ఒక భాగం పగిలింది. మూడోది నెల రోజులు తీరిగ్గా చేసినది, ఇప్పుడు నా బల్ల మీద నిలబడి ఉంది. ఈ ధరలో ఇంత శ్రద్ధగా తయారైన ప్లాస్టిక్ నమూనా నా చేతికి ఇంతవరకు రాలేదు. దీనికి రంగులు వేయనవసరం లేదు. సన్నని గీతలు, పైన మెరుపు చంపే ఒక పూత (మ్యాట్ పూత) ఉంటే చాలు. ఆ రెండింటినీ ఎలా చేయాలన్నదే ఈ సమీక్షలో ఎక్కువ భాగం.

గండమ్ గురించి తెలియనివారి కోసం నాలుగు మాటలు చెప్పాలి. 1979 ఏప్రిల్ 7న జపాన్ టెలివిజన్‌లో మొదలై 43 భాగాలు సాగిన 'మొబైల్ సూట్ గండమ్' ధారావాహికలో కథానాయకుడు నడిపే తెల్లని యంత్రమే ఈ ఆర్ఎక్స్-78-2. దర్శకుడు యోషియుకి తొమినో, యంత్రాల రూపశిల్పి కునియో ఓకవరా. 1980 జులైలో వచ్చిన దాని తొలి నమూనా వెల 300 యెన్లు. అది మొత్తం ఒకే తెల్లని ప్లాస్టిక్‌లో ఉండేది; కొన్నవారు జిగురుతో అతికించుకుని, ఎరుపు, నీలం, పసుపు తామే పూసుకోవలసి వచ్చేది. ఆ తరువాత జిగురు అవసరం పోయింది, భాగాలు రంగురంగుల ప్లాస్టిక్‌లోనే రావడం మొదలైంది, షిజువొకాలోని ఆ సంస్థ కర్మాగారంలో, భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేము ఒక్కదానిలోనే నాలుగు రంగుల వరకు పోసే యంత్రాలు వచ్చాయి. తొలి నమూనా వచ్చిన నలభై ఏళ్లకు అదే యంత్రాన్ని, అదే 1/144 కొలతలో, జపాన్‌లో పన్ను కలిపి 770 యెన్లకు మళ్లీ తయారు చేశారు. కథలో యంత్రం ఎత్తు 18 మీటర్లు కనుక బొమ్మ పన్నెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది.

పెట్టె తెరిచి ఫ్రేములన్నీ నేల మీద పరచగానే మా మేనల్లుడు అడిగిన మొదటి మాట "గమ్ ఏదీ మామయ్యా?" అని. గమ్ లేదు, స్టిక్కర్లు లేవు, కటింగ్ ప్లయర్ కూడా అక్కర్లేదు. ప్రతి భాగాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే కాడను అంత సన్నగా పోశారు కనుక వేలితో కాస్త పక్కకు వంచితే అది తెగి వస్తుంది. సూచనల కాగితంలో రాత జపనీస్‌లోనే ఉన్నా బొమ్మలు ఎంత స్పష్టంగా ఉన్నాయంటే, వాడు అంకెలు చూసుకుంటూ, రెండు కాళ్లూ నా సాయం లేకుండానే బిగించాడు. భాగం సరిగ్గా కూర్చున్నప్పుడు టక్కుమని చిన్న శబ్దం వస్తుంది. తిరగేసి పెడితే అసలు లోపలికి వెళ్లదు. కొత్తగా చేసేవారు తప్పు చేయకుండా, ముక్కలను కలిపే ప్లాస్టిక్ మేకుల ఆకారాలను మార్చి పోసిన ఆ ముందుచూపు నాకు ఎంతో నచ్చింది.

ముఖాన్ని మాత్రం ఎవరైనా భూతద్దం పెట్టి చూడాలి. తల మొత్తం నా బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దది. అంత చిన్నదానిలో పసుపు కళ్లు, తెల్లని ముఖకవచం, ఎర్రని గడ్డం అన్నీ వేర్వేరు ప్లాస్టిక్ ముక్కలుగా ఒకదాని వెనుక ఒకటి దొంతరలుగా కూర్చుంటాయి. ఇంతకంటే ఖరీదైన కిట్లలో కూడా కళ్లకు రేకు స్టిక్కర్ అంటించి సరిపెట్టడం మామూలే. ఆ స్టిక్కర్ ఎంత జాగ్రత్తగా అంటించినా ఏడాదికి అంచు లేచి వస్తుంది. ఇక్కడ అలా లేవడానికి స్టిక్కరే లేదు.

ప్లాస్టిక్ నమూనాలన్నిటికీ ఉన్న పాత జబ్బు అతుకు గీత. చేతినో కాలినో రెండు చిప్పలుగా పోసి కలిపినప్పుడు మధ్యలో నిలువుగా ఒక గీత పడి, అది యంత్రం కాదు బొమ్మ అని ఎదుటివారికి చెప్పేస్తుంది. కొండపల్లి బొమ్మల పనివారు విడివిడిగా చెక్కిన అవయవాలను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, అతుకు కనపడకుండా దాని మీదే మెత్తి నునుపు చేస్తారు. జిగురే లేని ఈ కిట్‌లో అలా పూడ్చే అవకాశం లేదు కాబట్టి రూపకర్తలు మరో దారి పట్టారు. రెండు ముక్కలు కలిసే చోటును కవచపు పలకల అంచులోనో, మూలలోనో, మరో ముక్క కిందనో వచ్చేలా విభజించారు. అందువల్ల మిగిలిన గీతలు కూడా యంత్రానికి సహజంగా ఉండవలసిన గీతల్లాగే కనిపిస్తాయి. నేను బాగా దగ్గరగా వెతికితే తప్ప అతుకు అని చెప్పగలిగిన చోట్లు ఒకటి రెండు మించి దొరకలేదు.

కీళ్ల విషయంలోనూ పొదుపు చేయలేదు. పాత కిట్లలో కీళ్ల మధ్య మెత్తని ప్లాస్టిక్ గుబ్బలు పెట్టేవారు. ఇందులో వాటికి బదులు కేపీఎస్ అనే గట్టిపరచిన పాలీస్టైరీన్ వాడారు. భుజాలు, మోకాళ్లు చక్కగా కదులుతాయి, పాదాలు నేలకు బాగా ఆనుతాయి. మా మేనల్లుడు దానితో ఆడుకోవడం మొదలుపెట్టి ఏడాది దాటినా, తుపాకీ పట్టిన చేయి ఎక్కడ నిలిపితే అక్కడే నిలుస్తోంది.

ఇన్ని గుణాలున్న బొమ్మకు మళ్లీ మెరుగులు ఎందుకని అడగవచ్చు. కారణం దాని మెరుపు. అచ్చు నుంచి వచ్చిన తెల్లని ప్లాస్టిక్ మీద కిటికీ వెలుతురు అద్దంలో పడినట్టు పడుతుంది, ఆ ఒక్క మెరుపుతో పద్దెనిమిది మీటర్ల యంత్రం మళ్లీ అరచేతి బొమ్మ అయిపోతుంది. ఈ కొలతలో ఆరడుగుల మనిషి పదమూడు మిల్లీమీటర్లు కూడా ఉండడు. ఆ మనిషిని బొమ్మ పాదం పక్కన ఊహించుకుని చూడటం నాకు అలవాటైంది, ఎంత దిద్దాలో ఎక్కడ ఆపాలో ఆ ఊహే చెబుతుంది.

ముందుగా చేయవలసింది కాడలు తెగిన గుర్తులను శుభ్రం చేయడం. చేత్తో విరిచినప్పుడు తెల్లని భాగాలలో గుర్తు పెద్దగా తెలియదు కానీ, ఎరుపు, నీలం భాగాలలో ప్లాస్టిక్ సాగి తెల్లబారుతుంది. అందుకే మెరుగులు దిద్దే కిట్‌కు నేను నిప్పర్ (కాడలు తెంపే చిన్న కటింగ్ ప్లయర్) వాడతాను. మొదటి కోత భాగానికి దూరంగా, రెండో కోత దగ్గరగా వేయాలి. ఒకే కోతతో తెంపితే భాగంలో గుంట పడే ప్రమాదం ఉంది. మిగిలిన పొక్కును 400, 800, 1000 నంబర్ల ఎమరీ పేపర్‌తో వరుసగా, నీళ్లు తడుపుతూ రుద్దితే వేలికి తగలకుండా పోతుంది. ఎక్కడైనా కాస్త తెల్లబారితే గోరుతో గట్టిగా రుద్దండి, చాలా వరకు రంగు తిరిగి వస్తుంది.

ఇక గీతలు. పలకల మధ్య గాడిలో సన్నగా రంగు నింపడాన్ని ఈ అభిరుచి ఉన్నవారు ప్యానెల్ లైనింగ్ అంటారు. కొత్తవారు అందరూ చేసే పొరపాటు తెలుపు మీద నల్ల గీత గీయడం. 0.3 మిల్లీమీటర్ల గీతను 144 రెట్లు పెంచితే నాలుగు సెంటీమీటర్లు దాటుతుంది. అంటే నిజమైన యంత్రం మీద మూడు వేళ్లు దూరేంత సందు, అదీ తారు పోసినంత నల్లగా! ఏ కర్మాగారం అలాంటి కవచాన్ని బయటికి పంపుతుంది? తెలుపు మీద బూడిద రంగు, ఎరుపు పసుపుల మీద గోధుమ రంగు, బూడిద రంగు భాగాల మీద మాత్రమే నలుపు వాడితే గీత నీడలాగా కనిపిస్తుంది. సన్నని మొన ఉన్న మార్కర్‌తో గాడి వెంట గీసి, అరనిమిషం ఆగి, మామూలు రబ్బరుతో అడ్డంగా తుడిస్తే అంచులకు అంటినది పోయి గాడిలోనిది నిలుస్తుంది. మోచేతి పక్క, మోకాలి పైన, డాలు అంచున ఈ గీతలు పడగానే బొమ్మ ఒక్కసారిగా బరువెక్కినట్టు అనిపిస్తుంది.

రెండో కిట్ పాడైంది ఈ దశలోనే. గాడిలో చుక్క పెడితే తనంతట తానే పాకే పలుచని నూనె ఇంకులు కొన్ని మార్కెట్లో ఉన్నాయి. వాటి వేగం చూసి ముచ్చటపడి, పూర్తిగా బిగించిన కాలి మడమ దగ్గర ఒక చుక్క పెట్టాను, మిగులును లైటర్ ద్రవంతో తుడిచాను. మర్నాడు ఉదయం చూస్తే మడమ దగ్గరి ముక్క మీద వెంట్రుకలాంటి బీట, చేతిలోకి తీసుకోగానే అది రెండు ముక్కలైంది. తప్పు కిట్‌ది కాదు. బిగించిన మేకు చుట్టూ ప్లాస్టిక్ ఎప్పుడూ లాగుడులో ఉంటుంది, ఆ స్థితిలో పెట్రోలియం ద్రావకం సందుల్లోకి ఇంకితే పాలీస్టైరీన్ చీలిపోతుంది. ఆ ఇంకు వాడదలచినవారు బిగించక ముందే, ముక్క విడిగా ఉన్నప్పుడే వాడి, పూర్తిగా ఆరనిచ్చి ఆ తరువాత కూర్చాలి. కీళ్ల దరిదాపుల్లో అయితే దాన్ని అసలు ముట్టుకోవద్దని నా సలహా.

చివరి పని మ్యాట్ పూత. స్ప్రే డబ్బాను బాగా కుదిపి, పాతిక ముప్పై సెంటీమీటర్ల దూరం నుంచి, ఆగకుండా చేయి కదుపుతూ, పలుచగా రెండు మూడు సార్లు కొట్టాలి. ఒకే సారి తడిసేలా కొడితే గీతలు కరిగి పారతాయి. కిట్‌ను చేతులు, కాళ్లు, తల, మొండెంగా విడదీసి పుల్లలకు గుచ్చి కొట్టడం మేలు. మాది విశాఖపట్నం కనుక ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. వాన కురుస్తున్న రోజున, సముద్రపు గాలి చెమ్మగా ఉన్న సాయంత్రాన ఈ పని పెట్టుకోకూడదు. గాలిలోని తేమ ఆరుతున్న పూతలో చిక్కుకుని, ఎరుపు నీలం భాగాల మీద బూజు పట్టినట్టు తెల్లని పొర కడుతుంది. నా మూడో కిట్ డాలుకు అలాగే అయింది. వారం ఆగి, ఎండ కాసిన మధ్యాహ్నం మరో పలుచని పూత కొడితే ఆ తెలుపు చాలా వరకు పోయింది. ఆ అదృష్టం ప్రతిసారీ ఉండదు కాబట్టి మన కోస్తా ఊళ్లలో శీతాకాలపు పగటి వేళ దాకా ఆగడం నయం. డబ్బా స్ప్రే ఏదైనా మేడ మీదో బాల్కనీలోనో, మాస్కు పెట్టుకుని, పిల్లలు దగ్గర లేనప్పుడు కొట్టాలి.

ఆ పూత ఆరిన తరువాత కనిపించే మార్పును మాటల్లో చెప్పడం కష్టం. వెలుతురు ఒక్క చోట మెరవకుండా ఉపరితలమంతా సమంగా పరుచుకుంటుంది, తెలుపు తెల్లని ఇనుప రేకులా గట్టిపడుతుంది, బూడిద గీతలు లోతుకు దిగుతాయి.

దీనికి మించి చేసే పనుల మీద నాకు పెద్ద ఆసక్తి లేదు. నీటిలో నానబెట్టి జార్చి అంటించే పలుచని గుర్తులు (డెకాల్స్) విడిగా కొనుక్కుని అంటించవచ్చు, వాటిని మ్యాట్ పూతకు ముందే, నునుపైన ఉపరితలం మీద అంటించాలి. తుపాకీ అంచుల మీద కాస్త వెండి రంగును పొడి కుంచెతో రాస్తే బాగుంటుంది. ఒంటి నిండా గీతలు, గుర్తులు, మసి మరకలు కొట్టడం మాత్రం ఈ రూపానికి నప్పదు. ఓకవరా గీసిన ఈ యంత్రం అందం విశాలంగా, ఖాళీగా వదిలిన తెల్లని పలకల్లో ఉంది.

లోపాలు లేవని కాదు. టీవీలో గండమ్ చేతిలో ఎప్పుడూ కనిపించే వెలుగు కత్తి ఈ పెట్టెలో లేదు, తుపాకీ, డాలు మాత్రమే ఇచ్చారు. దాని కోసం మా మేనల్లుడు పెట్టెను రెండు సార్లు బోర్లించి వెతికాడు. రెండో లోపం ధర, అది తయారీదారుది కాదు, దూరానిది. దిగుమతి సుంకం, రవాణా కలిసి నా చేతికి వచ్చేసరికి జపాన్ ధరకు రెట్టింపు దాటింది. ఒకసారి ఒక ఆన్‌లైన్ దుకాణం పెట్టెను ఏ రక్షణా లేని పలుచని సంచిలో పంపడంతో మూల నలిగి వచ్చింది. లోపలి భాగాలకు ఏమీ కాలేదు కానీ బహుమతిగా ఇవ్వవలసిన పెట్టె అది.

కత్తి తప్పనిసరిగా కావాలనుకునేవారు ఇదే యంత్రానికి 2015లో వచ్చిన హై గ్రేడ్ అనే మరో వరుస కిట్ తీసుకోవచ్చు. 2010లో రియల్ గ్రేడ్ వరుసను మొదలుపెట్టిన ఆర్ఎక్స్-78-2 అందంలో దీన్ని మించినదే కానీ, బియ్యపు గింజలంత ముక్కలు, లెక్కలేనన్ని చిన్న స్టిక్కర్లు మొదటి కిట్‌గా ఎవరినైనా విసిగిస్తాయి. పిల్లలకు కొనేవారు, ఇన్నాళ్లూ చేయాలనుకుని చేయనివారు, పాతవారిలో గీతలూ పూతా సాధన చేయదలచినవారు ఎంట్రీ గ్రేడ్‌నే తీసుకోవాలి. వీలైతే రెండు తెప్పించుకోండి, ఒకటి పిల్లల చేతికి, ఒకటి మీ బల్లకు. రవాణా ఖర్చు కూడా ఒక్కసారితో పోతుంది. ఆర్డర్ పెట్టేముందు పేరు పక్కన 'లైట్ ప్యాకేజ్' అని ఉందేమో మాత్రం చూడండి. బొమ్మ అదే, వెల తక్కువ, కానీ ఆ కూర్పులో తుపాకీ, డాలు రావు.