రెసిడెంట్ ఈవిల్ 4 రివ్యూ: రంపం మిషనోడి దెబ్బ న్యాయమైనదే

సాగర్ గేట్లు ఎత్తే ముందు సైరన్ మోగిస్తరు. ఏట్లో ఉన్నోడు గట్టెక్కనీకె అది. ఒక్క దెబ్బకు ప్రాణం తీసే శత్రువును గేములో పెట్టేటోళ్లకు కూడా ఇదే లెక్క. క్యాప్‌కామ్ 2005లో తెచ్చిన రెసిడెంట్ ఈవిల్ 4 ఈ లెక్క తప్పలేదు, ఒక్క చోట తప్ప.

మొదటి ఊళ్లో రెండంతస్తుల ఇంట్లకు పోంగనే ముఖానికి సంచి కట్టుకున్నోడు రంపం మిషన్ పట్టుకొని వస్తడు. మనం ఆడించే హీరో లియాన్‌కు హెల్త్ నిండుగా ఉన్నా సరే, తల తెగుతది. కానీ వాడు వస్తున్నట్టు ముందే సీన్‌లో చూపిస్తరు. మిషన్ చప్పుడు దూరం నుంచే వినబడి, దగ్గరకొచ్చే కొద్దీ పెరుగుతది. వేసే ముందు రంపం పైకి లేపుతడు. వాడిని పడగొట్టే షాట్‌గన్ ఆ ఇంటి పై అంతస్తులోనే గోడకు తగిలించి ఉంటది. ప్రశ్న అడిగిన ఇంట్లనే జవాబు పెట్టిన్రన్నమాట. చంపుడు ఇష్టం లేకుంటే చర్చి గంట మోగి ఊరోళ్లంతా వెళ్లిపోయేదాకా తప్పించుకు తిరిగినా చాలు.

ఇందులో లియాన్ గురిపెట్టినప్పుడు నడవలేడు. అందుకే కాల్చాల్నా, ఉరకాల్నా అన్నది మిషన్ చప్పుడు వినంగనే తేల్చుకోవాలె. వెనక్కి నొక్కి పరుగు బటన్ కొడితే ఒక్కసారే వెనుదిరుగుతడు. ఈ ఒక్క కదలిక రాకుంటే మొదటి ఊరు దాటుడు కష్టమే.

లెక్క తప్పింది క్రాజర్ అనే విలన్‌తో కత్తి ఫైట్‌లో. మాటలు నడుస్తున్న సీన్ మధ్యలో బటన్ గుర్తు వస్తది, క్షణంలో నొక్కకుంటే చావే. సీన్ చూసేటప్పుడు కంట్రోలర్ ఒళ్లో పెట్టుకోవడం ఎవరికైనా అలవాటు. అక్కడ చచ్చినోడు ఆట రాక చావలే, బటన్ మీద వేలు లేక చచ్చిండు. 2023లో మళ్లీ కొత్తగా చేసిన రీమేక్‌లో దీన్ని నిజంగా ఆడే ఫైట్‌గా మార్చిన్రు, చాలా మంచి పని. అందులో రంపాన్ని కూడా కత్తితో ఆపొచ్చు. ఆపిన కొద్దీ కత్తి అరుగుతది, గేములోని వ్యాపారి దగ్గర గేము డబ్బులిచ్చి బాగు చేయించుకోవాలె. అన్నిటికంటే కష్టమైన ప్రొఫెషనల్ మోడ్‌లో మాత్రం టైమింగ్ సరిగ్గా కుదిరితేనే ఆగుతది. కొత్తగా ఆడేటోళ్లు రీమేక్‌తో మొదలుపెట్టండి. గేములు తయారుచేయాలనుకునే బీటెక్ పిల్లలు మాత్రం పాతదాన్నే చూడాలె. పీసీలో 2014లో వచ్చిన వెర్షన్ సెకనుకు 60 ఫ్రేములతో, అంటే 60 బొమ్మలతో నడుస్తది.

సొంతంగా ఇలాంటి దెబ్బ పెట్టాలంటే ఫ్రేములు లెక్కబెట్టండి. 60 ఫ్రేముల గేములో ఒక్కో ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లు. కంటితో చూసి వేలు కదపనీకె దాదాపు 250 మిల్లీసెకన్లు, అంటే 15 ఫ్రేములు పోతయి. అది గుర్తుపట్టనీకె మాత్రమే. ఏం చేయాల్నో తేల్చుకోనీకె కూడా టైం ఇవ్వాలంటే, చేయి లేపినప్పటి నుంచి దెబ్బ పడేదాకా కనీసం 30 ఫ్రేములు ఉంచండి. కెమెరా వెనక నుంచి వచ్చేటోడైతే చప్పుడు తప్పనిసరి. ఆ చప్పుడు ఇంక దేనికీ వాడొద్దు, మ్యూజిక్‌లో కలిసిపోవద్దు.

ఇంత జాగ్రత్తగా చేసిన హెచ్చరిక నల్గొండ, పాలమూరు గేమింగ్ షాపుల్లో సగం చేతికి రాకుండనే పోవచ్చు. పెద్ద టీవీలో గేమ్ మోడ్ (ఆలస్యం తగ్గించే సెట్టింగ్) ఆన్ చేయకుంటే బొమ్మను మెరుగు చేసే పనిలో 100 మిల్లీసెకన్ల దాకా ఆలస్యం కావచ్చు, అంటే 6 ఫ్రేములు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో చప్పుడు ఇంకా లేటు. నాలుగు టీవీలు ఒకే రూములో మోగుతుంటే రంపం ఏ దిక్కు నుంచి వస్తుందో తెల్వదు. వైరు హెడ్‌ఫోన్ తీసుకుపోండి. గేమ్ మోడ్ పెట్టమని షాపాయనను అడగండి, అది పెట్టినంకనే గంట లెక్క మొదలుపెట్టమనండి.